కొట్టను అన్నాడు మా నాయిన

మా నాయినకు డప్పు చప్పుడు పడదు. టీవీలో ఏదైనా ధూంధాం కార్యక్రమం వచ్చి డప్పు మొదలైతే రిమోట్ కోసం వెతుకుతాడు. అది దొరక్కపోతే లేచిపోయి బయట అరుగు మీద కూచుంటాడు. మాదిగ ఇంట్లో పుట్టి, చుట్టుపక్కల పది ఊళ్లలో డప్పుకు పేరుమోసిన మనిషికి కొడుకై ఉండి, ఇదేం పద్ధతని నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. యూనివర్సిటీలో ఉన్నప్పుడు నేను డప్పు నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికి తెచ్చి గోడకు తగిలిస్తే, తెల్లారేసరికి అది పాత బియ్యం సంచిలో చుట్టేసి మంచం కింద ఉండేది. మళ్లీ తగిలించేవాణ్ణి. మళ్లీ మంచం కిందికి పోయేది. ఇద్దరం ఒక్క మాట కూడా అనుకునేవాళ్లం కాదు. మధ్యలో మా అవ్వ నలిగిపోయేది.

ఆ రోజుల్లో దీన్ని వివరించడానికి నా దగ్గర ఒక సిద్ధాంతం సిద్ధంగా ఉండేది. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె నుంచి పట్నం వచ్చి, రైసుమిల్లులో బస్తాలు మోసి, చివరికి గోదాములో లెక్కలు రాసే పనికి వచ్చిన మనిషి. నాలుగు రూపాయలు, ఒక తెల్లచొక్కా వచ్చేసరికి తన సంస్కృతిని చూసి తానే సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. మా ఎర్రజెండా సంఘంలో ఇలాంటి వాళ్ల కోసం ఒక మాట ఉండేది, 'మధ్యతరగతి మనస్తత్వం' అని. ఆ మాటను మా నాయిన మీద వాడాను. ఒకసారి ఆయన ముందే వాడాను.

అది తప్పని తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ తప్పు నా ఒక్కడిదే అయితే ఇంత పొడుగు వ్యాసం రాయాల్సిన పని లేదు. సంస్కృతి గురించి మన విప్లవ రాజకీయాలు మాట్లాడే తీరులోనే అది ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ముందు ఆ రాజకీయాలకు ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చి మొదలుపెడతాను. తెలుగు నేల మీద విప్లవం పాట పట్టుకునే జనంలోకి వచ్చింది. 1943లో బొంబాయిలో వామపక్ష కళాకారుల సంఘం ఇప్టా ఏర్పడ్డాక ఆ ఒరవడిలోనే ఇక్కడ ప్రజానాట్యమండలి నిలబడింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథను అందుకున్నాడు. బుర్రకథ చూసినవాళ్లకు తెలుసు, కథకుడికి చెరోవైపు ఒక వంత నిలబడతాడు. ఒకాయన హాస్యం చూసుకుంటాడు, రెండో ఆయన రాజకీయం. రాజుల కథ నడుస్తుండగా మధ్యలో ఆపి ఇవాళ్టి సంగతి అడిగే హక్కు ఆ రెండో వంతకు ఉంది. ఆ కళారూపంలోనే రాజకీయానికి ఒక చోటుంది. అందుకే అటు మద్రాసు ప్రభుత్వమూ ఇటు నిజాం ప్రభుత్వమూ దాన్ని నిషేధించేదాకా వెళ్లాయి. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీలోకి వెట్టి బతుకును తెచ్చాడు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెబుతూ కొండలెక్కి, 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు చనిపోయాడు. 1972లో జననాట్యమండలి వచ్చింది. గోచి, గొంగడి, గజ్జెలు, చేతిలో డప్పు. గద్దర్ ఆ వేషంతో ఆడుతుంటే మా ఊళ్లో ముసలాళ్లు తమను తాము చూసుకున్నారు. మార్క్స్ పుస్తకం తెరిచినవాళ్లు మా వాడలో ఒక్కరు లేరు. తమ చెమట దొర గాదెలో వడ్లుగా ఎలా మారుతుందో పాటలో విని అర్థం చేసుకున్నవాళ్లు మాత్రం వాడంతా ఉన్నారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఇప్పటికీ పోట్లాడతాను.

ఇక నేను చూసిన ఒక సాయంత్రం గురించి చెప్పాలి.

మండల కేంద్రంలో మా సంఘం సభ. పక్క ఊరి నుంచి ఆరుగురి డప్పు బృందాన్ని పిలిచాం. స్టేజీ వెనక ఖాళీ జాగాలో వాళ్లు వరిగడ్డి పోగుచేసి నిప్పు పెట్టారు. డప్పు కాచడం చూడాల్సిన పని. మంటకు జానెడు దూరంలో తోలు పెట్టి చక్రంలా తిప్పుతూ ఉంటారు. తోలు చల్లగా ఉన్నప్పుడు వేలితో మీటితే బొద్దుగా, తడిసిన గోడను తట్టినట్టు పలుకుతుంది. వేడెక్కేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి, పదునెక్కి, ఒక్కసారిగా ఖంగుమంటుంది. ఆ క్షణం దాటితే తోలు పగులుతుంది. ఎక్కడ ఆపాలో వేలికి తెలియాలి. ఆ ఆరుగురిలో పెద్దాయనకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన ఎడమ మణికట్టు లోపలివైపు, డప్పు చెక్క ఒరుసుకునే చోట, రూపాయి బిళ్లంత కాయ కాసి ఉంది. మా తాతకూ అదే చోట ఉండేదట.

కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టి వాళ్లు అరగంట వాయించేసరికి బజారు ఖాళీ అయి సభ నిండింది. మా వక్తలు ఎక్కారు. డప్పువాళ్లు దిగారు. దిగుతూ ఆ పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, మీరు పిలిచినప్పుడల్లా వస్తున్నం. జనం జమైనంక మీరు ఎక్కుతరు, మేం దిగుతం. మేం గూడ రెండు ముచ్చట్లు మాట్లాడుతం అంటే ఎప్పుడు మాట్లాడాలె?"

ఉపన్యాసాలు అయిపోగానే అని చెప్పాను. అవి తొమ్మిదిన్నర దాకా సాగాయి. ఆఖరి బస్సు తొమ్మిదింటికే. వాళ్లు వెళ్లిపోయారు. అంతకుముందు వాళ్లకు కూలి ఇద్దామని ఒకరు అంటే, ఉద్యమానికి కూలేమిటి, చాయ్ పోసి బస్సు చార్జీలిస్తే చాలని మాలో పెద్దవాడు అన్నాడు. ఆ మాట అన్నది నేను కాదు. విని ఊరుకున్నది నేనే.

దేశాన్ని మార్చే సిద్ధాంతం మా దగ్గరుంది, జనాన్ని పిలిచే చప్పుడు వాళ్ల దగ్గరుంది అని మా లెక్క. డప్పు బండి, సిద్ధాంతం సరుకు. బండి తోలేవాడికి సరుకు గురించి చెప్పడానికేముంటుంది? ఇంత పచ్చిగా మేమెవరమూ అనుకోలేదు. మా సభలు మాత్రం ఇలాగే నడిచాయి.

ఈ లెక్క తప్పని ఇటలీ జైల్లో కూచుని ఒకాయన మనకన్నా ఎంతో ముందే రాశాడు. కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంసీని 1926 నవంబరులో ముస్సోలినీ ప్రభుత్వం అరెస్టు చేసింది. జైల్లో 33 నోటుపుస్తకాలు నింపి, ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని, 1937 ఏప్రిల్‌లో చనిపోయాడు. ప్రతి మనిషీ ఏదో ఒక మేరకు తత్వవేత్తేనని ఆయన వాదన. పల్లె పాటలను, సామెతలను, నమ్మకాలను వింత వస్తువుల్లా పోగేయొద్దని, అవి లోకం గురించి జనానికి ఉన్న అవగాహన అని, అలాగే వాటిని చదవాలని ఆయన అన్నాడు. యూనివర్సిటీలో ఇది చదివి మేమంతా తలలూపాం. ఆ సభ జరిగింది ఇది చదివిన తర్వాతే.

గ్రాంసీ ఇంకో మాట కూడా అన్నాడు, జానపదుల ఆలోచన అతుకులబొంతలా ఉంటుందని, అందులో యజమానుల భావాలు కూడా కలిసిపోయి ఉంటాయని. చాలావరకు నిజమే. కానీ మా మాదిగ వాడలకు కథలు చెప్పే డక్కలివాళ్లు, చిందువాళ్ల నోట జాంబపురాణం వింటే నాకు అనుమానం వస్తుంది. లోకం పుట్టడానికి ఆరు నెలల ముందే మా మూలపురుషుడు జాంబవుడు పుట్టాడని ఆ పురాణం చెబుతుంది. బ్రాహ్మణుడితో వాదానికి దిగి, ఎవరు ముందు, ఎవరు వెనక అని నిలదీస్తుంది. సృష్టిలో మొదటివాడు నేనే అయినప్పుడు నన్ను ఊరి చివరకు నెట్టే హక్కు నీకెక్కడిది అన్నదే అందులో ప్రశ్న. దీన్ని అతుకులబొంత అని ఎలా అంటాం? అక్షరం ముట్టుకోనివ్వని మనుషులు, అక్షరం మీద పెత్తనం చేసేవాళ్లతో చేసిన వాదం అది. ఏ పార్టీ పాఠశాలలోనూ దాన్ని రాజకీయ తత్వం కింద చెప్పగా నేను వినలేదు. జానపద విజ్ఞానం కింద చెబితే విన్నాను.

నాయిన కథ నాకు ఆయన చెప్పలేదు. మా మేనత్త చెప్పింది, ఒక ఎండాకాలం రాత్రి, వాకిట్లో మంచాల మీద పడుకుని ఉండగా.

అప్పటికి తాత పోయి ఏడాది. ఊళ్లో వెట్టి చట్టం ప్రకారం పోయింది. 1976లో కేంద్రమే చట్టం చేసింది. ఊరికి ఆ సంగతి ఇంకా చేరలేదంతే. చచ్చిన గొడ్డును ఈడ్వడం, దొర ఇంటికి చెప్పులు కుట్టివ్వడం, మోటకు తోలు తొండం కుట్టడం, చావుకూ జాతరకూ డప్పు కొట్టడం, అన్నీ మాదిగిండ్ల మధ్య వంతులు. తాత వంతు నాయినకు వచ్చింది. ఇరవై రెండేళ్లవాడు. దొర తల్లి చనిపోయింది. ఊరి పనులకు కబురు మోసే సుంకరి వచ్చి వాకిట్లో నిలబడి, డప్పు పట్టుకుని రమ్మన్నాడు.

"నేను కొట్ట" అన్నాడు నాయిన.

"ఏం, జరమొచ్చిందా?"

"జరం లేదు. కొట్ట."

ఇక్కడికి వచ్చాక మా అత్త ఆగి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "జరమని చెప్తే అయిపోవు గద. ఆ సుంకరి గూడ మనోడే, జరమనే పోయి చెప్తుండె. చెప్పలే."

జ్వరమని చెప్పి ఉంటే ఆ ఒక్కరోజుకు బయటపడేవాడు, వంతు మాత్రం అలాగే ఉండేది. జ్వరం లేదని చెప్పడంలోనే ఉంది అసలు సంగతి. కారణం చూపించి తప్పుకుంటే, కారణం లేనప్పుడు వచ్చి తీరాలని ఒప్పుకున్నట్టే.

ఆ రోజు దొర తల్లి డప్పు లేకుండా కాటికి పోలేదు. వాడలో ఇంకొకరు వెళ్లి కొట్టారు. మర్నాటి నుంచి మా ఇంట్లో ఆడవాళ్లను నాట్లకు, కలుపుకు పిలవడం ఆగిపోయింది. కోమటి దుకాణంలో ఉద్దెర బందయింది. ఒక్కడి మొండితనానికి వాడంతా పస్తులుండాలా అని మా కులపెద్దలే వచ్చి కూచున్నారు. మూడు నెలలు గడిచాక నాయిన పట్నం బస్సెక్కాడు. అత్త మాత్రం రెండు కోసుల దూరంలో ఉన్న ఇంకో ఊరికి నడిచిపోయి కలుపు తీసి వచ్చేది, రోజూ, ఆ కాలమంతా. ఆ రాత్రి ఆమె అన్న మాట నేను మర్చిపోలేను. "మీ నాయిన ఒక మాటన్నడు, పోయిండు. కలుపుకు పోయింది మేము."

ఇందులో విజయగాథ లేదు. సంఘం లేదు, జెండా లేదు, పాట లేదు. అయినా నేను చదివిన ఏ సిద్ధాంత గ్రంథంలోనూ ఇంత స్పష్టంగా కనబడని సంగతి ఆ ఒక్క మాటలో కనబడింది. వెట్టి అంటే కూలి ఇవ్వకపోవడం అని మనం అనుకుంటాం. కూలి ఇచ్చినా వెట్టి వెట్టిగానే ఉండగలదు. డప్పు కొట్టినందుకు మా తాతకు కుంచెడు వడ్లో, ఒక సీసా సారానో ఇచ్చిన రోజులున్నాయి. రానని చెప్పే వీలు మాత్రం ఒక్కరోజూ లేదు.

అంబేడ్కర్ దగ్గర ఈ సంగతి సూటిగా ఉంది. 1936లో లాహోరు సభ నిర్వాహకులు ఆయన ప్రసంగం చూసి భయపడి సభనే రద్దు చేసుకుంటే, దాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చువేశారు. అదే కులనిర్మూలన. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అన్న మాట అందరికీ తెలుసు, పోస్టర్ల మీద కూడా వేస్తాం. దాని వెంటనే వచ్చే మాటను అంతగా పట్టించుకోం. ఈ విభజన మనిషి ఎంపిక మీద నిలబడింది కాదని ఆయన అంటారు. అతని ఇష్టానికి, అతని అభిరుచికి అందులో చోటు లేదని. ఫలానా పని నీచమైనది అనడంతో ఆయన ఆగలేదు. ఎంచుకోలేకపోవడం దగ్గర వేలు పెట్టారు. ఈ పేజీలు నేను చాలాసార్లు చదివాను. అత్త చెప్పిన తర్వాత మళ్లీ చదివితే మా నాయిన వాకిట్లో నిలబడి కనిపించాడు.

అలాంటప్పుడు ఒక ప్రశ్న రాక తప్పదు. మా నాయిన చేసింది విముక్తి అయితే, గద్దర్ చేసిందేమిటి? ఒకరు డప్పు వదిలేశారు, ఇంకొకరు ఎత్తుకున్నారు. ఈ ప్రశ్న మా ఇంటికి మాత్రమే పరిమితం కాదు. 1927 మార్చిలో మహారాష్ట్రలోని మహాద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్లు తాగడం ఒక్కటే చెప్పలేదు, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండని కూడా చెప్పారు. ఆ దారిలో, చర్చి దారిలో, మన పల్లెల్లో ఎందరో డప్పును అటక మీద పెట్టేశారు. తమిళనాట మన డప్పులాంటి పరై విషయంలోనూ ఇదే వాదన ఏళ్ల తరబడి నడిచింది. వదిలేయాలన్న వాళ్లూ, ఎత్తిపట్టాలన్న వాళ్లూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరిని ఆత్మగౌరవం లేనివాళ్లనీ ఇంకొకరిని సంస్కృతి తెలియనివాళ్లనీ తిట్టుకున్నారు. నేనూ నాయినా ఇంట్లో చేసింది అదే, మాటల్లేకుండా.

ఈ చిక్కుముడి విప్పుకోవడానికి నాకు పనికొచ్చింది వలస పాలన మీద రాసిన ఫ్రాంజ్ ఫనాన్, అదీ అల్జీరియాలో రేడియో గురించి ఆయన 1959లో రాసిన అధ్యాయం. ఫ్రెంచివాళ్ల పాలనలో అల్జీరియన్లు చాలాకాలం రేడియో కొనలేదు. కొనగలిగిన ఇళ్లలో కూడా ఉండేది కాదు. పెద్దల ముందు వినకూడని మాటలు వస్తాయి, మన పద్ధతికి పనికిరాదు అనేవాళ్లు. పరిశోధకులు వాళ్ల వెనుకబాటుతనం అని రాసుకున్నారు. 1956 చివర్లో విముక్తి ఉద్యమం సొంత ప్రసారాలు మొదలుపెట్టింది. అంతే, ఉన్న రేడియోలన్నీ అమ్ముడుపోయాయి. ఫ్రెంచి సైన్యం ఆ ప్రసారాలను చెడగొడితే, గరగర తప్ప ఏమీ వినిపించని రేడియో చుట్టూ జనం రాత్రంతా కూచుని, చెవి పెట్టి వినే ఒకాయన చెప్పినంత విని, వినపడనిది తామే పూరించుకున్నారు. మొదట వద్దన్నదీ వాళ్లే, తర్వాత ఎదకు హత్తుకున్నదీ వాళ్లే. రెండుసార్లూ వాళ్లది ఒకటే పోరాటం. పెట్టె మారలేదు, అది ఎవరి గొంతుతో మాట్లాడుతున్నదీ, దాన్ని ఎవరు తెరుస్తున్నదీ మారింది.

నాయిన మంచం కిందికి తోసిన డప్పూ, నేను గోడకు తగిలించిన డప్పూ అలాంటివే. ఆయన వద్దని ఉండకపోతే, ఎవరూ రమ్మనకుండా నాకై నేను దాన్ని ఎత్తుకునే వీలు నాకు వచ్చేది కాదు. మా తాతకు డప్పు వచ్చు. నాకు డప్పు ఇష్టం. ఈ రెంటి మధ్య దూరం మా నాయిన నడిచాడు, ఆయన వెనక మా అత్త నడిచింది.

అందుకే సంస్కృతి విప్లవకరం కావడం వాద్యంలోనో బాణీలోనో వేషంలోనో లేదని, ముందు కాదనగలిగిన మనిషి చేతిలోకి వస్తేనే అది అలా అవుతుందని నా వాదన. మన చరిత్రలో వెతికితే ఇది మాటిమాటికీ కనిపిస్తుంది. 1920ల మొదట్లో ఊరూరా తెల్లదొరతనం వద్దని గరిమెళ్ల సత్యనారాయణ పాట మోగుతుంటే, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న అదే ఎత్తుగడతో నల్లదొరతనం మాకొద్దని పాడాడు. మీ పాటే పాడతాను గానీ మీరు రాసిచ్చినట్టు పాడను అన్నట్టు. అంతకుముందే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ హరికథలను, భజనలను అంటరాని వాడల మేలుకొలుపుకు వాడుకున్నాడు, జోగిని దురాచారాన్ని వద్దన్నాడు. కమ్యూనిస్టు కళాబృందాలకు ముప్పై ఏళ్ల ముందు మాట ఇది. మన సాంస్కృతికోద్యమ చరిత్రలు మాత్రం 1943 దగ్గరే మొదలవుతుంటాయి.

1985 జూలైలో కారంచేడులో జరిగింది కూడా ఇదే కోవలోది. తాగే నీళ్లను పాడుచేయొద్దని ఊరి కమ్మ భూస్వాముల మనుషులను మాదిగలు అడిగారు. కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, 17న, భూస్వాములు వాడ మీద పడి ఆరుగురు మాదిగలను చంపారు. మహాద్ చెరువు నుంచి కారంచేడు చెరువు దాకా 58 ఏళ్లు, నీళ్ల మాటే. ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ముఖ్యం. వాడ మొత్తం ఊరొదిలి చీరాలలో శిబిరం వేసుకుంది. రాజీలకు లొంగి తిరిగి అదే ఊరికి, అవే పొలాలకు వెళ్లలేదు. వాడ వాడంతా కొట్టను అన్నట్టు. దళిత మహాసభ పుట్టింది అక్కడి నుంచే, దళిత సాహిత్యం తెలుగులో గొంతు పెంచిందీ అక్కడి నుంచే. వర్గం మాట్లాడే పార్టీలు కులం గురించి మాట్లాడక తప్పని రోజు వచ్చింది. వాళ్లకు ఆ పాఠం చెప్పింది పుస్తకం కాదు, ఆ బిందె.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైనప్పుడు దానికి జనం నోట నిలిచిన పేరు దండోరా. ఊళ్లో దండోరా వేయడం మా పని, దొర మాటను పటేల్ మాటను ఊరందరికీ వినిపించడం మా పని. ఈసారి సొంత మాట వినిపించడానికి వేశారు. దాచుకుని తిరిగిన కులం పేరును సొంత పేరు చివర తగిలించుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఆరుగురు, ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా పంచే వర్గీకరణ చెల్లుతుందన్నారు. ఆ రోజు మా పట్నం చౌరస్తాలో రాత్రి దాకా డప్పు మోగింది. మాల మిత్రులు కొందరికి ఆ తీర్పు మీద అభ్యంతరాలున్నాయి, వాటిని నేను తేలిగ్గా తీసుకోను. ఆ చర్చ ఇంకోసారి. ఆ రాత్రి నాయిన అరుగు మీద కూచుని ఆ చప్పుడు విన్నాడు. లోపలికి పోలేదు. అంతకన్నా ఎక్కువ అర్థం దానికి నేను తగిలించను.

ఇక్కడ నా వాదనలో ఒక గట్టి అడ్డంకి ఉంది, దాన్ని దాటేసి పోలేను. కాదనడానికి కడుపు నిండి ఉండాలి కదా? నాయిన కొట్టనన్నాడంటే పట్నంలో మిల్లు పని చూసిపెట్టే చుట్టం ఒకరున్నారు. వాడలో మిగతావాళ్లకు అదీ లేదు. వాళ్లకున్నదల్లా దొర పొలంలో కూలి. సెంటు భూమి లేనివాడికి ఆత్మగౌరవం గురించి పాఠం చెప్పడం సులువు. ఈ చోట పాత కమ్యూనిస్టులు చెప్పిందే సరైనది. దున్నేవాడికి భూమి అన్న నినాదం అన్నం గురించి మాత్రమే కాదు. రెండెకరాలున్న మనిషి నోట కాదన్న మాట వస్తుంది. పాలకుర్తిలో ఐలమ్మ పండించిన పంటను దొర గూండాలకు ఇవ్వకుండా నిలబడిందంటే కింద ఆమె సాగుచేసుకుంటున్న భూమి ఉంది, వెనక సంఘం ఉంది. నాయినకు రెండూ లేవు, అందుకే ఊరు వదలాల్సి వచ్చింది. ఆడవాళ్లకు ఊరు వదిలే వీలు కూడా లేదు. కాబట్టి భూమి వేరు, కులం వేరు, సంస్కృతి వేరు అని మూడు కమిటీలు వేసుకుని కూర్చోవడం వల్ల మనం చాలా పోగొట్టుకున్నాం. మా అత్త నడిచిన రెండు కోసుల దారిలో ఆ మూడూ ఒకటిగానే ఉన్నాయి.

రెండో సంగతి ఇప్పటి కాలానిది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం సాంస్కృతిక సారథి అనే సంస్థ పెట్టి ఉద్యమంలో పాడిన కళాకారులు ఐదొందల మందికి పైగా ఉద్యోగాలిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలనెలా పింఛను వస్తుంది. 2023 ఆగస్టులో గద్దర్ పోతే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు, ఇప్పుడు సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టారు. ఇవన్నీ మోసమని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. పాడి పాడి గొంతు పోయిన మనిషికి జీతం రావడం మంచిదే, ఆ ముసలాయన మణికట్టు మీది కాయకు పింఛను రావడం మంచిదే. నేను అడిగేది ఒక్కటే. జీతం తీసుకునే ఆ గాయకుడు, ఫలానా పథకం మీద పాట నేను పాడను అనగలడా? అన్నా మర్నాడు జీతం వస్తుందా? వస్తే అది కళకు ఇచ్చిన గౌరవం. రాకపోతే, మా ఊరి వంతు పేరు మార్చుకుని పట్నం వచ్చిందని అనుకోవాల్సి వస్తుంది. ఈ ప్రశ్న ప్రభుత్వాలను మాత్రమే కాదు, ఉద్యమానికి కూలేమిటి అన్న మా సంఘాన్ని కూడా అడగాలి. ఎందుకంటే మేం పిలిచినప్పుడు ఆ పెద్దాయన రాను అనగలిగే స్థితి ఉందా లేదా అని మాలో ఎవరం ఆలోచించలేదు. ఎర్రజెండా వాళ్లు పిలిస్తే కాదంటామా అని వచ్చాడాయన. అది ప్రేమ కావచ్చు. అలవాటు కూడా కావచ్చు. మేం తేల్చుకోకుండానే వాడుకున్నాం.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లాను. మా వాడలో ఇప్పుడు పది మందితో ఒక డప్పు బృందం ఉంది. దాన్ని నడిపే అతను నాకు వరసకు తమ్ముడవుతాడు. ఇంటర్ దాకా చదివాడు, ఆటో ఉంది, కౌలుకు ఎకరంన్నర చేస్తాడు. చావుకైతే ఇంత, ఊరేగింపుకైతే ఇంత, పార్టీ మీటింగుకైతే ఇంత అని రేటు ఉంది, సగం ముందే ఇవ్వాలి. బృందంలో ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారు. మా తాత కాలంలో ఆడవాళ్లు డప్పు తాకితే ఊరుకునేవాళ్లు కాదు. ఈమధ్య ఊళ్లో ఒక పెద్దింట్లో చావుకు పిలిస్తే, పిల్లలకు పరీక్షలున్నాయని రామన్నారట. వీళ్లకు బలిసిందని ఊళ్లో అనుకుంటున్నారని తమ్ముడు చెప్పాడు. భయంగా చెప్పలేదు. కల్లు బాగుంది అన్నంత మామూలుగా చెప్పాడు.

వాళ్లింట్లో గోడకు ఒక క్యాలెండర్ ఉంది, ఎరువుల దుకాణం వాళ్లు పంచేది. ఒప్పుకున్న పనులన్నీ తేదీల గళ్లలో బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి. ఊరి పేరు, ఫోన్ నంబరు, అడ్వాన్సు ఎంత. కొన్ని తేదీల చుట్టూ మాత్రం గుండ్రంగా గీత గీసి, లోపల ఏమీ రాయలేదు. ఇవేమిటని అడిగాను.

"ఆ రోజులల్ల కొట్టం అన్నా."

"పండుగలా?"

"కాదు."

"మరెందుకు?"

అతను సిర్ర చెక్కుతూ తల కూడా ఎత్తలేదు.

"ఊకెనే" అన్నాడు.